చూచినది వ్రాసి యుంచిన యాత్రికుడు

సెలవు దినములు వచ్చుటయే తడవుగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములనుండియు, పెన్‌పహాడు మొదలగు గ్రామములనుండియు ఎన్నియో కుటుంబములు ఊరు వదలి బయలుదేరుచున్నవి. కొందరు కొండలకు, కొందరు మహానగరములకు, మరికొందరు పుణ్యక్షేత్రములకు పోవుచున్నారు. దూరము నేడు ఒక అడ్డంకి కాదు. ఇది సంతోషింపదగిన విషయమే. లోకము చూడని జాతి బావిలోని కప్పవంటిది. కాని ఇట్లు పోయివచ్చినవారు తమ వెంట తెచ్చునదేమి? ప్రసాదము, బొమ్మలు, ఛాయాచిత్రములు. తాము చూచిన ఊరిలో ఏ పంట పండునో, ప్రజలు ఏ భాష మాటాడుదురో, త్రాగునీరు ఎచ్చటినుండి వచ్చునో అడిగినచో చెప్పగలవారు మిక్కిలి అరుదు. ఇట్టి కాలమున ఏనుగుల వీరాస్వామయ్యగారి చరిత్రమును పాఠకులకు జ్ఞాపకము చేయుట అవసరమని మేము తలంచుచున్నాము.

వీరాస్వామయ్యగారు ఇంచుమించు 1780వ సంవత్సరమున జన్మించిరి. చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు నియోగి బ్రాహ్మణ కుటుంబము వారిది. బాల్యమునందే తండ్రిని పోగొట్టుకొనిరి. ఆస్తి యండ లేని ఆ బాలునికి విద్యయే ఆధారమయ్యెను. ఇంటిభాషయగు తెలుగు, పట్టణమున వినవచ్చు అరవము, కులవిద్యగా సంస్కృతము, పొట్టపోసికొనుటకు ఇంగ్లీషు ఆయన నేర్చిరి. కుంఫినీవారి కచ్చేరీలలో చిన్న పనులతో ఆరంభించి క్రమముగా చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి పదవికి వచ్చిరి. ఆ న్యాయస్థానము 1801వ సంవత్సరమున ఏర్పడినది. అందు న్యాయాధిపతులకు దేశభాషలు రావు. వాదిప్రతివాదులకు ఇంగ్లీషు రాదు. ఈ ఇద్దరి నడుమ నిలిచి, ఒకరి మాట మరియొకరికి తప్పు లేకుండ చేర్చుటయే ద్విభాషి పని. సాక్షి చెప్పినదానికి ఎక్కువయు తక్కువయు గాక చెప్పవలెను. పొరపాటు పడినచో ఒకని ఆస్తియో, ప్రాణమో పోవును. ఈ యభ్యాసమే పిమ్మట ఆయన వ్రాతకు ప్రాణమైనదని మా యభిప్రాయము.

ఏబది యేండ్ల వయస్సున, ఉద్యోగమునకు సెలవు పొంది, ఆయన కాశీయాత్రకు సంకల్పించిరి. నాటి స్థితిని పాఠకులు ఊహించుకొనవలెను. మన దేశమున మొదటి రైలుబండి బొంబాయి, ఠాణాల నడుమ నడచినది 1853లో. చెన్నపట్టణమునుండి రైలు కదలినది 1856లో. కాబట్టి 1830లో కాశికి పోవువాడు కాళ్లనో, ఎద్దుబండినో, బోయీల భుజములనో నమ్ముకొనవలసినదే. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యను సామెత ఊరక పుట్టలేదు. దారిలో దొంగలు, నదుల వరదలు, విషజ్వరములు, నీరు మారుటవలన కలుగు వ్యాధులు. మధ్యదేశమున బాటసారులను నమ్మించి మెడకు రుమాలు బిగించి చంపు థగ్గుల గుంపులను అణచుటకు స్లీమన్ అను ఆంగ్లేయాధికారి జబ్బల్పూరు ప్రాంతమున పూనుకొన్నది సరిగా ఈ సంవత్సరములలోనే. వీరాస్వామయ్యగారి బాటయు ఆ జబ్బల్పూరు మీదుగనే పోయెను.

1830వ సంవత్సరము మే 18వ తేదీన ఆయన చెన్నపట్టణము వదలిరి. కుటుంబ స్త్రీలు, బంధువులు, నౌకరులు, బోయీలు కలసి ఇంచుమించు నూర్గురు వెంట నుండిరి. మొదటి మజిలీ మాధవరము. అచ్చటినుండి తిరుపతి, కడప, అహోబిలము, ఆత్మకూరుల మీదుగా శ్రీశైలమునకు చేరిరి. తిరిగి చెన్నపట్టణము చేరినది 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన. మొత్తము 15 నెలల 15 దినములు. దూరము ఇంచుమించు 2500 మైళ్లు. ఈ కాలమంతయు ఆయన దినదినమును చూచిన సంగతులను వ్రాసి, చెన్నపట్టణమున నున్న తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెగారికి తెలియజేయుచు వచ్చిరి. ఆ వ్రాతయే కాశీయాత్రచరిత్రము.

ఆయన ఏమి వ్రాసిరి? దేవాలయములను గూర్చి వ్రాసిరి, స్థలమాహాత్మ్యములు వ్రాసిరి, కాశి, ప్రయాగ, గయలలో చేయవలసిన కర్మల విధానమును వ్రాసిరి. ఇంతమట్టునకు ఏ యాత్రికుడైనను వ్రాయగలడు. కాని ఆయన అచ్చట నిలువలేదు. ఈ మజిలీనుండి ఆ మజిలీకి ఎంత దూరము, బాట ఇసుకయా రాయియా, నడుమ ఏరు ఉన్నదా, విడియుటకు చావడియో సత్రమో కలదా, బావినీరు మంచిదా ఉప్పనా, అంగడిలో బియ్యము, నెయ్యి, కూరగాయలు దొరకునా, ఊరిలో ఎన్ని యిండ్లు, ఎట్టి కులములవారు, వారి పలుకుబడి యెట్టిది, అధికారి ఎవడు, అతని నడవడి యెట్టిది అను సంగతులన్నియు వ్రాసిరి. క్షేత్రమును దర్శించు భక్తుడు, లెక్క వ్రాయు గుమాస్తా, సాక్షి మాట తూచు ద్విభాషి, ఈ ముగ్గురును ఆ లేఖనియందు కూడి యుండిరి. భాషయు ఆడంబరము లేనిది. నాటి పండితులు కావ్యభాషను విడుచుటకు సంకోచించు దినములలో, చెన్నపట్టణపు పెద్దమనుష్యులు ఇంటిలో మాటాడు తెలుగునే, అందు కలిసిపోయిన హిందూస్తానీ, ఇంగ్లీషు మాటలతో సహా, ఆయన కాగితముమీద పెట్టిరి. అందుచేతనే అది నేటికిని చదువదగియున్నది.

తెలంగాణమును గూర్చి ఆయన వ్రాసిన భాగము మనవారు ప్రత్యేకముగా చదువవలసినది. శ్రీశైలము పిమ్మట కృష్ణానదిని దాటి, కొల్లాపురము, వనపర్తి సంస్థానములలో ప్రవేశించి, జడ్చర్ల మీదుగా హైదరాబాదునకు వచ్చిరి. అప్పుడు నిజాము నాసిరుద్దౌలా. రాజ్యభారమంతయు చందూలాలు చేతిలో నుండెను. సంస్థానాధీశుల పరస్పర కలహములవలన నడుమ గ్రామములు నలిగిపోవుటను ఆయన గమనించిరి. హైదరాబాదు వీధులలో జనులు ఆయుధములు ధరించి తిరుగుచుండుటను, స్వల్ప కారణములకే ప్రాణములు పోవుచుండుటను గమనించిరి. హుస్సేనుసాగరమును, సికందరాబాదు దండును చూచిరి. పిదప రామాయంపేట, నిర్మల మార్గమున నాగపురమునకు సాగిరి. నాటి సంస్థానపు రైతు స్థితిని తెలుగున ఒక తెలుగువాడు కండ్లార చూచి వ్రాసిన వ్రాత అట్టిది మరియొకటి దొరకుట దుర్లభము. ఫర్మానులు, దస్తావేజులు రాజు మాట చెప్పును. పన్ను లెక్కలు సర్కారు మాట చెప్పును. చెరువుగట్టు మీద నిలబడి ఊరివంక చూచినవాని మాట వేరు.

నాగపురము, జబ్బల్పూరు దాటి ఆయన ప్రయాగకు, కాశికి చేరిరి. గంగపై పడవప్రయాణము చేసిరి. గయలో పితృకార్యములు నిర్వర్తించి, కలకత్తా నగరమును చూచి, జగన్నాథము మీదుగా సముద్రతీరపు బాటను పట్టి, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు దారిని ఇల్లు చేరిరి. ఇచ్చట ఒక సంగతి గమనింపదగియున్నది. నాటి హిందూ యాత్రికుని భక్తి కుంఫినీవారికి ఒక రాబడి. తిరుమల దేవస్థానపు పాలన 1843వరకు వారి చేతిలోనే యుండి, కానుకలలోనుండి సర్కారునకు సొమ్ము చేరుచుండెను. ప్రయాగలో, గయలో, జగన్నాథములో యాత్రికులమీద పన్ను విధింపబడియుండెను. అది 1840లో గాని రద్దు కాలేదు. వీరాస్వామయ్యగారు ఈ నాలుగు క్షేత్రములను ఆ కాలమునందే దర్శించిరి. గంగలో మునుగుటకు పరాయివానికి సుంకము చెల్లించిన తరము అది.

ఆ తీరపు బాటను గూర్చి తలంచినప్పుడు మరియొక సంగతి మనస్సును కలచివేయును. 1831లో ఆయన కృష్ణ దాటి గుంటూరు సీమ తీరముగుండ నెల్లూరి వైపునకు పోయిరి. మరుసటి యేడు, నందన సంవత్సరమున, వానలు తప్పెను. 1832, 1833 సంవత్సరముల ఆ మహాక్షామమును జనులు డొక్కల కరవని నేటికిని చెప్పుకొందురు. ఒక్క గుంటూరు సీమయందే లక్షకు మించిన ప్రజలు నశించిరి. గ్రామములకు గ్రామములు పాడుపడెను. ఆ గ్రామములు పాడుపడక మునుపు ఎట్లుండెనో, ఆ బాటలమీద జనులు ఎట్లు మసలిరో తెలిసికొనగోరువానికి వీరాస్వామయ్యగారి దినచర్య ఒక దీపము. వ్రాయునప్పుడు ఆయనకు రాబోవు సంగతి తెలియదు. తెలియకయే, పోబోవు లోకమును ఆయన నిలిపి యుంచిరి. యాత్రికుని వ్రాతకు గల విలువ ఇట్లు కాలము గడచిన కొలది పెరుగుచుండును.

మహనీయుని స్మరించునప్పుడు ఆయన లోపములను దాచుట మాకు సమ్మతము కాదు. వీరాస్వామయ్యగారు కుంఫినీ న్యాయస్థానపు ఉప్పు తిన్నవారు. వారి పాలనయందు బాటలకు భద్రత కలదనియు, చట్టము నడచుచున్నదనియు ఆయన నమ్మిరి. స్వదేశ ప్రభువుల సీమలలోని అరాజకమును దానితో పోల్చి చూచిరి. దేశపు సొమ్ము సముద్రము దాటిపోవుచున్న సంగతి ఆయన కంటికి మనకు ఆనినంతగా ఆనలేదు. అయినను ఆ పొగడ్తను చూచి పుస్తకమును మూసివేయువాడు తెలివితక్కువవాడు. ఆయన ఆ పాలనను ఏల మెచ్చెనో తెలిసికొన్నచో, మన ప్రభువుల యింటి కలహములు పరాయివానికి ఎట్లు తలుపు తెరచెనో బోధపడును. ఒక జాతి తన పతనమును గ్రహించుటకు పొగడ్తలకంటె ఇట్టి నిజమైన సాక్ష్యములే మేలు.

మరియొక లోపము కలదు. ఆ 2500 మైళ్లలో పెక్కుభాగము ఆయన పల్లకిలో పోయిరి. పల్లకి తనంతట కదలదు. బోయీలు మోసిరి, ఎండలో, వానలో, అడుసులో, కొండకనుమలలో మోసిరి. వారును కాశిని చూచిరి. వారి పాదములకు ఆ బాట మనకంటె, ఆయనకంటె బాగుగ తెలియును. కాని వారు వ్రాయలేదు, వ్రాయుటకు ఎవరును వారికి అక్షరము నేర్పలేదు. ఆ యాత్రను వారి వైపునుండి చెప్పు పుస్తకము మనకు లేదు. ఇది ఒక్క వీరాస్వామయ్యగారి దోషము కాదు, ఆ సంఘపు దోషము. భూస్వాములును పట్టణవాసులును అగు మా పాఠకులు ఆయన జీవితమునుండి గ్రహింపవలసిన పాఠములలో ఇదియు నొకటి. చదువు కొందరి సొత్తుగా నున్నంతకాలము దేశచరిత్రము సగమే వ్రాయబడును.

యాత్రనుండి వచ్చిన పిదప ఆయన ఎక్కువకాలము జీవింపలేదు. 1836లో పరమపదించిరి. తమ వ్రాత అచ్చగుట ఆయన చూడలేదు. మిత్రధర్మమెరిగిన శ్రీనివాసపిళ్లెగారు తమకు చేరిన వ్రాతలన్నింటిని కూర్చి, ఆయన జీవితవృత్తాంతమును చేర్చి, 1838లో అచ్చువేయించిరి. తెలుగున యాత్రాచరిత్రములలో మొదటిదిగా అది గణనకెక్కినది. 1869లో మరల అచ్చయ్యెను. ఆ పిమ్మట జనులు దానిని మరచిరి. బెజవాడ వాసులు, న్యాయవాదులు, చరిత్రపరిశోధకులు అగు దిగవల్లి వేంకటశివరావుగారు దానిని వెదకి, వివరణములతో 1941లో ప్రకటించిరి. 1973లో హైదరాబాదునుండి దాని ఇంగ్లీషు అనువాదమును వెలువడినది. ఒక మిత్రుడు దాచినందున, శతాబ్దము గడచిన పిమ్మట మరియొకరు దుమ్ము దులిపినందున ఆ పుస్తకము బ్రతికెను. వారిలో ఏ ఒక్కరు ఉపేక్షించినను నేడు మనకు వీరాస్వామయ్యగారి పేరైన తెలియకుండును.

ఆంగ్లేయులు ఈ విషయమున మనకంటె ముందుచూపు గలవారు. బుకానను దొర 1800లో మైసూరు, మలబారు, కన్నడ సీమలను సర్కారు ఆజ్ఞపై తిరిగి, 1807లో మూడు సంపుటములు ప్రకటించెను. కలకత్తా బిషప్పు హీబరు వ్రాసిన ఉత్తరదేశ యాత్ర 1828లో లండనునందు అచ్చయ్యెను. మెకంజీ దొర మన తెలుగువారే యగు కావలి సోదరుల చేత ఊరూరి కైఫీయతులను సేకరింపజేసెను. వారు మన దేశమును వ్రాసికొన్నది తమ ప్రభుత్వమునకొరకు, తమ జనులకొరకు. ఒక జాతి తన ఊళ్లను తాను వ్రాసికొననిచో, ఇతరులు వ్రాసినదే నిజమై నిలుచును. వీరాస్వామయ్యగారు ఏ సర్కారు ఆజ్ఞపైనను వ్రాయలేదు. ఒక మిత్రుని కొరకు, తన భాషలో, తన ఖర్చుతో వ్రాసిరి. ఆయన చేసిన దేశసేవ ఇదియే; దానికి ఆయన ఆ పేరు పెట్టుకొనలేదు.

ఇక మన ప్రాంతపు మాట. వీరాస్వామయ్యగారు పోవునప్పుడు పాలమూరు మీదుగా హైదరాబాదు చేరిరి; వచ్చునప్పుడు సముద్రతీరమున నడచిరి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, పెన్‌పహాడు ఆ రెండు బాటల నడుమ మిగిలిపోయినవి. హైదరాబాదునుండి మచిలీపట్నమునకు పోవు ప్రాచీనమార్గము ఈ సీమగుండ పోవుచున్నను, గోల్కొండ వజ్రములకై వచ్చిన తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు పదునేడవ శతాబ్దమున ఆ రేవునకును రాజధానికిని నడుమ బాటను తన భాషలో వ్రాసికొన్నను, 1830లో ఈ ఊళ్లు ఎట్లుండెనో తెలుగున చెప్పు యాత్రికుడు మనకు లభింపలేదు. పిల్లలమర్రి, నాగులపహాడులలో కాకతీయుల కాలపు శిల్పము నిలిచియున్నది. ఫణిగిరి కొండమీద బౌద్ధుల ఆరామములు బయల్పడినవి. వాడపల్లివద్ద మూసీ కృష్ణలో కలియుచున్నది. ఇన్ని యుండియు, దూరదేశపు కొండలకు పోవు మనవారిలో వీనిని చూచివచ్చి నాలుగు పుటలు వ్రాసినవారు ఎందరు?

జాగుచేయుటకు వ్యవధి లేదు. వీరాస్వామయ్యగారు కృష్ణ దాటిన ప్రాంతమున నేడు శ్రీశైలము ఆనకట్ట నీరు నిలిచియున్నది. నాగార్జునకొండ లోయ సాగరము క్రిందికి పోయినది; త్రవ్వకములు జరిపి దొరకినవానిని కొండమీదికి చేర్చుటవలన కొంతయైన దక్కెను. 2013లో ఆరంభమైన పులిచింతల జలాశయము మన సీమలోని గ్రామములను కొన్నిటిని ముంచినది. నీరు వచ్చినందున పొలములు పండినవి, కాదనము. కాని మునిగిన ఊరిలో ఏ వీధి యెటు పోయెడిదో, ఏ బావి నీరు తియ్యనో, ఏ తిరునాళ్లకు ఎచ్చటినుండి జనులు వచ్చెడివారో వ్రాసి యుంచినవాడు ఎవడు? వృద్ధుల జ్ఞాపకముతో అదియు పోవును.

కాబట్టి విహారమునకు పోవు మిత్రులకు మా మనవి స్వల్పమైనది. సంతోషముగా పోవుడు, చల్లని కొండలను చూడుడు, మహానగరములను చూడుడు. వెంట ఒక పుస్తకమును, కలమును తీసికొనిపొండు. ప్రతి రాత్రియు నిదురకు ముందు ఆనాడు చూచిన ఊరిని గూర్చి పది పంక్తులు వ్రాయుడు: నీరు, పంట, ధరలు, మాటతీరు, బడి, బాట. అలంకారములు అక్కరలేదు. మీ బండి నడపినవానిని, అన్నము వండిన యామెను, బరువు మోసిన కూలిని కూడ అడిగి వ్రాయుడు. వీరాస్వామయ్యగారు విడిచిన సగము అది. దూరయాత్రకు శక్తిలేనివారు తమ మండలములోని ఊళ్లనే ఒక్కొక్క ఆదివారము చూచి వ్రాయవచ్చును. ఆ వ్రాతను ఒక మిత్రుని యొద్దనో, ఊరి గ్రంథాలయమునందో ఉంచుడు. కాశీయాత్ర ఫలము వీరాస్వామయ్యగారితోనే పోయెను. ఆయన వ్రాసినది మాత్రము రెండు శతాబ్దములు కావచ్చుచున్నను మన యింటిలో నున్నది.